కిడ్నీ జబ్బుతో ఉన్న మన పెద్దలు: డయాలసిస్ 12 గంటలు, ఇంట్లో 156 గంటలు

ఏటా రంజాన్ నెల దగ్గరపడుతుంటే మా కార్యాలయానికి వచ్చే దాతలు తరచుగా ఒక మాట అడుగుతుంటారు: "నేనిచ్చే డబ్బుతో ఎంతమందికి డయాలసిస్ చేయించవచ్చు?" మంచి ప్రశ్నే. డయాలసిస్ లెక్కకు అందుతుంది. ఒక మిషను, ఒక మంచం, నాలుగు గంటలు, ఒక రసీదు. ఇచ్చినవారికి తమ డబ్బు ఎక్కడికి పోయిందో కళ్ళకు కనబడుతుంది. కానీ డెబ్బై దాటిన రోగుల ఇళ్ళకు మేము వెళ్ళినప్పుడు అక్కడ కరువైనది చాలాసార్లు డయాలసిస్ కాదు. ఆసుపత్రికి తోడు వెళ్ళే మనిషి. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చదివి చెప్పేవాళ్ళు. అన్నిటికన్నా ముందు, "అమ్మీ, నీకేం కావాలి?" అని ఆమెనే అడిగే ఒక్కరు. ఈ వ్యాసం దాతలకు ఆ లోటు గురించి చెప్పడానికే.

డయాలసిస్ ఖర్చులో పెద్ద భాగాన్ని ఇప్పుడు ప్రభుత్వాలు మోస్తున్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు ఆ దారి తెరిచింది. 2016లో కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమంతో జిల్లా ఆసుపత్రులకు మిషన్లు వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డయాలసిస్ మీద ఉన్న పేదలకు నెలనెలా పింఛను ఉంది. ఇంకా దూరాలు, వరుసలు, ఇబ్బందులు ఉన్నాయి, కాదనం. అయినా ఇరవై ఏళ్ళ క్రితం పొలమో నగలో అమ్ముకుంటే తప్ప దొరకని చికిత్స ఇవాళ కార్డు మీద దొరుకుతోంది.

ఇక లెక్క చూడండి. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. మొత్తం 12. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగిలిన 156 గంటలకు కార్డు లేదు.

జబ్బు ఏమిటి, ఎలా దాగుతుంది

మూత్రపిండాల పని రక్తాన్ని వడకట్టడం ఒక్కటే కాదు. ఒంట్లో నీటిని, ఉప్పును సరిచూస్తాయి, బీపీని అదుపులో పెడతాయి, రక్తం పట్టడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి, ఎముకలకు పనికొచ్చేలా విటమిన్ డి ని మారుస్తాయి. అందుకే కిడ్నీలు చెడినవాళ్ళలో మూత్రం కన్నా ముందు రక్తహీనత, ఎముకల నొప్పులు, ఆయాసం, ఆకలి లేకపోవడం కనబడుతుంటాయి. వీటిని ఇంట్లో వయసు మీద వేస్తారు. వడపోత వేగాన్ని డాక్టర్లు ఈజీఎఫ్ఆర్ అనే అంకెతో కొలుస్తారు. అది మూడు నెలలకు మించి 60 కన్నా తక్కువగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 15 కన్నా దిగితే చివరి దశ. కారణాల్లో షుగరు, బీపీ ముందుంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం ఆ రెండూ లేని రైతుకూలీలకు కూడా ఎందుకు వస్తోందో ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా తేలలేదు. అక్కడి రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

వృద్ధుల విషయంలో ఒక మోసం ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే పదార్థం. కండ కరిగి ఎముకల గూడులా మారిన నానీకి అది తక్కువే తయారవుతుంది. రిపోర్టులో 1.2 అని ఉంటే "బాగానే ఉంది కదా" అనుకుంటారు. అదే 1.2 కండబలం ఉన్న పాతికేళ్ళ కుర్రాడిలో మామూలు సంగతి కావచ్చు, నలభై కిలోల ఎనభై ఏళ్ళ మనిషిలో వడపోత సగానికి పైగా పడిపోయిందనడానికి గుర్తు. కాబట్టి మేము ఇళ్ళకు వెళ్ళినప్పుడు క్రియాటినిన్ ఎంత అని మాత్రమే అడగం. వయసు లెక్కలోకి తీసుకుని కట్టిన ఈజీఎఫ్ఆర్ రిపోర్టులో ఉందా, మూత్రంలో ఆల్బుమిన్ చూశారా అని కూడా అడుగుతాం. చాలామంది రిపోర్టుల్లో ఆ రెండో పరీక్షే ఉండదు.

మనిషి సగమైపోవడం అంటే

"మా అబ్బా సగమైపోయాడు" అని కొడుకులు అంటుంటారు. వైద్యంలో దీనికి ఫ్రెయిల్టీ అని పేరు. ముసలితనం వేరు, ఇది వేరు. ఎనభైలో కూడా ఫజర్‌కు మసీదుకు నడిచి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, అరవై అయిదుకే చిన్న జ్వరంతో మంచం పట్టి మళ్ళీ లేవనివాళ్ళూ ఉన్నారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రైడ్ అనే వైద్యురాలి బృందం దీనికి అయిదు గుర్తులు పెట్టింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గిపోవడం. మూడు ఉంటే మనిషి ఫ్రెయిల్ అయినట్టు. ఇందులో మిషన్లతో పనిలేదు. బాటిల్ మూత తీయలేకపోతున్నాడా, వీధి చివరికి వెళ్ళడం మానేశాడా, నిరుటి కుర్తా వేలాడుతోందా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఈ స్థితి ఎక్కువ. ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆకలి పోతుంది, తిండి తగ్గుతుంది, కండ కరుగుతుంది, పడిపోతారు, తుంటి విరుగుతుంది, మంచాన పడ్డాక మిగిలిన కండ కూడా పోతుంది. ఈ గొలుసును ఎక్కడో ఒక చోట తెంపాలి. ఎక్కువసార్లు అది తెగేది ఆసుపత్రిలో కాదు, వంటింట్లోనో, మాత్రల డబ్బా దగ్గరో.

డయాలసిస్ పెట్టాలా వద్దా

ఈ ప్రశ్నను మన ఇళ్ళలో డబ్బు ప్రశ్నగా, లేకపోతే పరువు ప్రశ్నగా చూస్తారు. "ఎంతైనా ఖర్చు పెడతాం డాక్టర్ సాబ్" అని కొడుకు అనడంలో ప్రేమ ఉంది, నలుగురూ ఏమంటారోనన్న భయం కూడా ఉంది. నిజానికి ఇది ముందుగా వైద్యానికి, తర్వాత ఆ పెద్దమనిషి ఇష్టానికి సంబంధించిన ప్రశ్న.

వయసు ఒక్కటే చూసి వద్దనడం తప్పు. నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ తయారుచేసిన మిషను మీద 1945లో మొదటిసారి ప్రాణం దక్కినది 67 ఏళ్ళ స్త్రీకి. ఆమెది దీర్ఘకాలిక జబ్బు కాదు, ఉన్నట్టుండి కిడ్నీలు ఆగిన స్థితి. అయినా డయాలసిస్‌తో మొదట ప్రాణం దక్కినది ఒక వృద్ధురాలికేనన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. గుండె బాగుండి, నడుస్తూ తిరుగుతూ ఉన్న డెబ్బై అయిదేళ్ళవాళ్ళు డయాలసిస్ మీద ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. వారికి అది తప్పకుండా అందాలి.

రెండో వైపు కూడా చూడాలి. అమెరికాలో నర్సింగ్ హోముల్లో ఉంటూ కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మంది వృద్ధులను గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి వారిలో 58 శాతం మంది చనిపోయారు. డయాలసిస్‌కు ముందు తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలిగారో, ఆ మాత్రం శక్తి నిలుపుకున్నవారు 13 శాతమే. 2007లో లండన్‌లో 75 దాటిన రోగుల మీద చేసిన పరిశీలన కూడా ఇలాంటి సంగతే చెప్పింది. మామూలుగా డయాలసిస్ ఆయుష్షు పెంచుతుంది కానీ, గుండె జబ్బు వంటి ఇతర జబ్బులు బలంగా ఉన్నవారిలో ఆ లాభం చాలా తగ్గిపోతుంది. ఇవి మన దేశపు లెక్కలు కావు. అక్కడి నర్సింగ్ హోములో ఉండే మనిషి, మన ఇంట్లో కోడలి చేతి అన్నం తినే మనిషి ఒకటి కాదు. అయినా శరీరం శరీరమే. బాగా చితికిన మనిషికి డయాలసిస్ పోయిన బలాన్ని తిరిగి తెస్తుందని ఆశపడకూడదని ఆ అంకెలు చెబుతున్నాయి.

డయాలసిస్ వద్దనుకుంటే వైద్యం మానేసినట్టు కాదు. దీన్ని మేము ప్రతి ఇంట్లో పదేపదే చెప్పవలసి వస్తుంది. రక్తహీనతకు ఐరన్, ఎరిత్రోపోయిటిన్ సూదులు, నీరు పట్టకుండా మూత్రం పోయించే మాత్రలు, వాంతికి, దురదకు, నొప్పికి కిడ్నీకి సరిపడే మోతాదులో మందులు, బీపీ చూడడం, నెలనెలా డాక్టరు దగ్గరకు పోవడం – అన్నీ సాగుతూనే ఉంటాయి. ఇదీ ఒక చికిత్సే, తేలికైనదేమీ కాదు. తేల్చుకోలేని కుటుంబాలకు కొందరు నెఫ్రాలజిస్టులు మధ్యదారి చెబుతారు: కొన్ని వారాలు పెట్టి చూద్దాం, ఆకలి వచ్చిందా, లేచి కూర్చుంటున్నాడా, తను సుఖంగా ఉన్నానంటున్నాడా అని చూసి అప్పుడు మాట్లాడుకుందాం అని. ఆ గడువు ముందే అనుకోవడం మంచిది. లేకపోతే మొదలైనదాన్ని ఆపే మాట ఎత్తే ధైర్యం ఎవరికీ రాదు.

"చికిత్స వద్దనడం గునాహ్ కాదా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. దానికి జవాబు చెప్పవలసినది మేము కాదు. చికిత్స వల్ల లాభమెంత, బాధ ఎంత అన్నది డాక్టరు నోట విన్న ఆలిమ్ దగ్గరకు వెళ్ళండి అని మాత్రం చెబుతాం. వైద్యం తెలియకుండా అడిగితే ప్రశ్నే తప్పుగా వెళుతుంది. తన చివరి చికిత్స ఎలా ఉండాలో మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. మన ఇళ్ళకు కాగితాలు దూరం. కనీసం మాటైనా జరగాలి. కిడ్నీ జబ్బు ముదిరినకొద్దీ మతిమరుపు, తికమక కూడా వస్తుంటాయి. అందుకని మనిషి తెలివిగా ఉన్నప్పుడే, ఒకటికి రెండుసార్లు, పొద్దుటిపూట కూర్చుని అడగాలి. పిల్లలందరి ముందు కాకుండా ఒంటరిగా అడిగితే వేరే జవాబు వస్తుందని కూడా మా వాలంటీర్లు చెబుతుంటారు.

మాత్రల డబ్బా

మేము వెళ్ళిన ఇంట్లో మొదట అడిగేది మాత్రల డబ్బా. అన్నీ మంచం మీద పోయమంటాం. షుగరు డాక్టరు రాసినవి, గుండె డాక్టరు రాసినవి, మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చినవి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చిన చూర్ణం – ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలియదు.

అన్నిటికన్నా ప్రమాదం నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసెక్లోఫెనాక్ వంటివి చీటీ లేకుండా షాపులో దొరుకుతాయి, హాయిగా పనిచేస్తాయి, మిగిలిన కాస్త కిడ్నీని తినేస్తాయి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మేలు. తిమ్మిర్లకు, మంటలకు రాసే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మాత్రలు కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. మోతాదు తగ్గించకపోతే ఒంట్లో పేరుకుని మనిషి తూలతాడు, పగలంతా నిద్రపోతాడు, పడిపోతాడు. ఇంట్లోవాళ్ళు "మతి పోయింది" అనుకుంటారు. నాటు భస్మాల్లో కొన్నిటిలో సీసం, పాదరసం వంటి లోహాలు ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

షుగరు ఉన్నవారి విషయంలో ఒక సంగతి దాతలూ తెలుసుకోవాలి, మీ ఇళ్ళలోనూ పనికొస్తుంది. ఏళ్ళ తరబడి మూడొందలు చూపించిన షుగరు ఉన్నట్టుండి నూటికి దిగిందని సంతోషపడుతుంటారు. ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని ఒంట్లోంచి తీసేసేది కిడ్నీలే. అవి నెమ్మదిస్తే ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలబడతాయి. తిండి కూడా తగ్గి ఉంటుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి, పలకకుండా పడి ఉన్న దాదాను ఆసుపత్రికి తీసుకుపోతే షుగరు 40 ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ ఆపాలి, గ్లిబెన్‌క్లమైడ్ ఈ రోగులకు అసలు సరిపడదు. వృద్ధుల్లో షుగరు అంకె కాస్త ఎక్కువున్నా ఫరవాలేదు కానీ, తక్కువ కావడం మాత్రం వెంటనే ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరును "కిడ్నీని బట్టి డోసు మార్చాలా?" అని అడగడం ప్రతి కుటుంబానికీ నేర్పవలసిన ఒక్క వాక్యం.

ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఇంకో జాగ్రత్త. ఒంట్లో నీరు లేనప్పుడు మూత్రం పోయించే మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కిడ్నీని ఒక్కసారిగా ముంచేస్తాయి. ఆ రోజు వేయాలా ఆపాలా అని డాక్టరుకు ఫోను చేసి అడగాలి. ఎవరికి చేయాలో ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. మేము ఇచ్చే సాయంలో అన్నిటికన్నా చవకైనది ఈ గోడ కాగితం.

పథ్యం పేరుతో పస్తు

కిడ్నీ రోగి అనగానే ఇంట్లో నిషేధాల జాబితా మొదలవుతుంది. పప్పు వద్దు, మాంసం వద్దు, గుడ్డు వద్దు, పాలు వద్దు, టమాటా వద్దు, పండ్లు వద్దు. చివరికి పెద్దావిడ గంజి అన్నం, సొరకాయ మీద బతుకుతుంది. యాభై కిలోల మనిషి ఆరునెలల్లో నలభైకి వస్తుంది. యాభై ఏళ్ళ గట్టి మనిషికి రాసిన పథ్యం ఎనభై ఏళ్ళ బక్కమనిషికి పనికిరాదు.

మామూలుగా డయాలసిస్ దాకా రాని రోగికి కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలంటారు. అంటే 45 కిలోల మనిషికి 36 గ్రాములు. కానీ కండ కరిగిపోతున్న వృద్ధులకు ఇంకా ఎక్కువ మాంసకృత్తులు, ఎక్కువ తిండి ఇవ్వడం గురించి ఆలోచించాలని 2024 అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. డయాలసిస్ మొదలయ్యాక అయితే కిలోకు గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి, ఎందుకంటే మిషన్ కొంత లాగేసుకుంటుంది. అదే 45 కిలోల మనిషికి 45 నుంచి 54 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. గంజితో ఈ లెక్క ఎన్నటికీ తేలదు.

తగ్గించవలసింది ముందు ఉప్పు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప, చిప్సు, బజారు బిర్యానీ. కారం, నిమ్మరసం, జీలకర్ర, పుదీనా, కొత్తిమీరతో వండితే చప్పదనం చాలావరకు పోతుంది. "కిడ్నీకి మంచిది" అని కొందరు తక్కువ సోడియం ఉప్పు తెస్తారు. వాటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ రోగికి అది గుండె ఆగేంత ప్రమాదం. పొటాషియం ఎక్కువగా ఉందని రక్తపరీక్షలో తేలినవారికి కొబ్బరినీళ్ళు, పండ్లరసాలు, అరటిపండు, ఖర్జూరాలు తగ్గించాలి. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి వండాలి. పొటాషియం మామూలుగా ఉన్నవారికి ఈ కట్టడి అక్కరలేదు. రిపోర్టు చూడకుండా పండు మాన్పించకండి. కమ్రక్ పండు మాత్రం ఎవరికీ వద్దు, కిడ్నీ సరిగా లేనివారిలో అది మెదడు మీద పనిచేస్తుంది.

నీళ్ళ విషయంలో కూడా గుడ్డి నియమం లేదు. మూత్రం బాగా వస్తూ, వాపు లేనివారు దాహానికి తగినంత తాగవచ్చు. డయాలసిస్ మీద ఉండి మూత్రం తగ్గినవారికి ముందు రోజు వచ్చిన మూత్రం ఎంతో చూసి, దాని మీద అర లీటరు దాకా ఇస్తారు. ఆ కొలత సీసా మంచం పక్కన పెట్టడం కోడలు పని అనుకుంటారు గానీ, మనవడు కూడా చేయవచ్చు.

రంజాన్‌లో

ప్రతి ఏటా మా వాలంటీర్లకు కష్టమైన నెల ఇది. ఏడేళ్ళ వయసు నుంచి ఒక్క రోజా వదలని మనిషికి "ఈ ఏడు వద్దు" అని చెప్పడం మాటలు కాదు. జబ్బుపడినవారికి ధర్మం మినహాయింపు ఇచ్చిందని, కోలుకునే ఆశ లేనివారు ఫిద్యాగా ఒక పేదవానికి అన్నం పెట్టవచ్చని అందరికీ తెలుసు. తెలిసినా మనసు ఒప్పదు. కొందరు ఇంట్లో చెప్పకుండా ఉపవాసం ఉంటారు, పగటి మాత్రలు దాచేస్తారు. చెప్పవలసిన వైద్య సంగతి ఇది: ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్న, ఒళ్ళు చితికిన వృద్ధులకు పగలంతా నీళ్ళు లేకపోతే మిగిలిన పనితనం కొద్ది రోజుల్లో పడిపోవచ్చు, మళ్ళీ పైకి రాకపోవచ్చు. షుగరు మాత్రలు వేసుకునేవారికి అది పడిపోయే భయం అదనం. కాబట్టి రంజాన్‌కు నెలన్నర ముందే, షాబాన్‌ నెలలోపే, డాక్టరును ఒకసారి, ఇమామ్ సాహెబ్‌ను ఒకసారి కలిపించడం మేము పెట్టుకున్న పని. కొడుకు మాట వినని పెద్దాయన ఇమామ్ సాహెబ్ మాట వింటాడు.

ఇఫ్తార్‌లో ఇంటిల్లిపాదితో కూర్చోవాలన్నది వారి కోరిక, కూర్చోబెట్టండి. పొటాషియం కట్టడి ఉన్నవారికి ఒక ఖర్జూరం చాలు, బజారు హలీంలో ఉప్పు గురించి మర్చిపోవద్దు. ఛాతీ దగ్గర డయాలసిస్ గొట్టం ఉన్నవారు దాని కట్టు తడవకుండా చూసుకోవాలి, వుజూ ఎలా చేయాలో ఇమామ్ చెబుతారు. డయాలసిస్ అయిన సాయంత్రం వంగి లేస్తే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి, ఆ పూట కుర్చీలో నమాజు మేలు. చేతికి ఫిస్టులా ఉంటే ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు, గట్టి గాజులు, బరువు సంచులు కూడదు. రోజూ దాని మీద వేళ్ళు పెట్టి గిలగిలమని కదలిక తెలుస్తోందా చూడాలి. తెలియకపోతే అదే రోజు ఆసుపత్రి.

ఎవరు చూస్తున్నారు ఆమెను

వారానికి మూడుసార్లు అంటే నెలకు పదమూడు డయాలసిస్‌లు, ఇరవై ఆరు ప్రయాణాలు. డయాలసిస్ ఉచితం, ఆటో కాదు. తోడు వెళ్ళే కొడుకుకు ఆ పదమూడు రోజుల కూలి పోతుంది. కొడుకు వెళ్ళలేని ఇంట్లో కోడలు వెళుతుంది, చంటిపిల్లను పక్కింట్లో వదిలి. రాత్రి మూత్రానికి మూడుసార్లు లేచే అత్తను పట్టుకునేదీ ఆమే. మేము చూసిన ఇళ్ళల్లో రోగి కన్నా ముందు ఈ మనిషి కుప్పకూలిన సందర్భాలు ఉన్నాయి. ఆమె కోసం ఏ పథకమూ లేదు. వారంలో ఒక పూట మా సొసైటీ ఆడమనిషి వెళ్ళి పెద్దావిడ దగ్గర కూర్చుంటే, కోడలు నిద్రపోతుంది. అంతే. ఆ ఒక్క పూటకు ఆమె ఎలా ఎదురుచూస్తుందో చూసినవాళ్ళకు తెలుసు.

ఇంటింటికీ వెళ్ళే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన నొప్పి నివారణ సేవ, తర్వాత ఊరూరా ఇరుగుపొరుగు వాలంటీర్ల బృందాలుగా విస్తరించింది. మలప్పురం, కోజికోడ్ జిల్లాల్లో సామాన్యులు నెలనెలా ఇచ్చే చిన్న చిన్న మొత్తాలే దానికి ఆధారం. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంగా చేసుకుంది. క్యాన్సరు రోగులతో మొదలై, నడవలేని వృద్ధులను, కిడ్నీ రోగులను కూడా అందులో చూస్తున్నారు. అక్కడ పెద్ద భవనాలు కట్టి చేసింది కాదు. ఒక నర్సు, ఒక బండి, వారానికి రెండు గంటలు ఇచ్చే మనుషులు. మన తెలుగు జిల్లాల్లో కూడా ఇది చేయదగిన పనేనని మా నమ్మకం.

ఇక డబ్బు సంగతి. మిషను కొనివ్వాలనుకునే దాతలను మేము నిరాశపరచం. కానీ మిషనుకు నీటి శుద్ధి ప్లాంటు, టెక్నీషియను, కరెంటు, నెఫ్రాలజిస్టు పర్యవేక్షణ కావాలి. అవి ఉన్న చోటే మిషను పనిచేస్తుంది, లేని చోట మూలపడి ఉంటుంది. అదే డబ్బులో కొంత ఆటో కిరాయికి, నెలకొకసారి ఇంటికి వచ్చే నర్సుకు, స్నానాల గది కడ్డీలకు, కమోడ్ కుర్చీకి, రాత్రి వెలిగే చిన్న బల్బుకు, గుడ్లకు, పథకంలో రాని ఎరిత్రోపోయిటిన్ సూదులకు, కామెర్ల హెపటైటిస్ బి టీకాకు పెడితే ఇంట్లోని 156 గంటలు నడుస్తాయి. ఈ పనులకు ఫలకం మీద పేరు రాయడం కుదరదు. కడ్డీ మీద ఎవరి పేరు రాస్తాం?

ఈ పనుల కోసం ప్రత్యేకంగా ఇవ్వదలచినవారు రసీదు మీద "ఇంటి సేవ" అని రాయించండి. జకాత్ సొమ్మా, సదఖానా అన్నది కూడా చెప్పండి, రెండు ఖాతాలూ వేరుగా ఉన్నాయి. డబ్బుకు బదులు వారంలో ఒక పూట ఇవ్వగలిగినవారు, ముఖ్యంగా ఆడవారు, కార్యాలయంలో పేరు రాయించండి. మంచం పక్కన ఎలా కూర్చోవాలో, మాత్రల డబ్బా ఎలా చూడాలో నేర్పడానికి ఒక ఆదివారం సరిపోతుంది.